అమ్మకానికి లెన్స్

కూర్చో ఫ్యోక్లా. బూట్ల మంచు గుమ్మం దగ్గరే దులుపు.
డబ్బు కవరు జేబులోనే ఉంచు,
అమ్ముతానని నేనింకా అనలేదు.

ఇదిగో, ఎత్తి చూడు. పందిపిల్లంత బరువు.
ముందు కొనడం నేర్చుకో.
అమ్మేది ఎవరైనా సరే, నేనైనా సరే,
రెండు మూతలూ తీసి వెనకనుంచి టార్చి వెయ్యి.
లోపల సాలీడు పోగుల్లా కనబడితే బూజు.
ఎంత చవకైనా బల్లమీద పెట్టేసి లేచి వచ్చెయ్.
నాలుగు దుమ్ము నలుసులకి బెదిరిపోకు,
అవి ఫొటోలో పడవు.
రింగు తిప్పు. పంటికింద ఇసుకలా కరకరమంటే
ఎవరో కింద పడేశారన్నమాట.
ఇది కరకరమంటుంది.
పడేసింది నేనే, వార్న్యా రేవులో.

నీకు హంసలు కావాలి, తెలుసు.
ఏప్రిల్‌లో సరస్సు అంచు విరిగే చోట.
రెక్క గాలిలో నిలబడాలంటే సెకనులో వెయ్యో వంతు.
అంతకన్నా నిదానిస్తే అది రెక్క కాదు, తీగమీద దుప్పటి.
వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ పెంచు, మొహమాటపడకు.
గరుకు ఫొటోని జనం క్షమిస్తారు,
చెదిరినదాన్ని క్షమించరు.

ట్రైపాడ్ కాళ్ళు మంచుమీద పెట్టకు, లోపలికి దిగెయ్యి.
మధ్య కడ్డీ పైకి లాగావా,
మెడ సాచిన కొంగే, ప్రతి గాలికీ ఊగుతుంది.
రెండో బ్యాటరీ లోచొక్కా జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి.
చలికి చచ్చిన మొదటిదాన్ని పారెయ్యకు,
అక్కడే వెచ్చబెట్టు, ఇంకో ఇరవై ఫొటోలకి లేస్తుంది.
ఊపిరి పక్కకి వదులు. వ్యూఫైండర్‌మీద వదిలితే
దాని మీదా మంచు పేరుకుంటుంది.

ఇప్పుడు మీ తాత సంగతి.

పత్రికలో పనిచేసే రోజులు. మొదటి డిజిటల్ కెమెరా.
దాని తెలివిమీద నాకు నాకన్నా ఎక్కువ నమ్మకం.
జోసిమా రంధ్రం పక్కన పెట్టెమీద కూర్చున్నాడు,
చేపల గాలం, చుట్టూ కనుచూపుమేర తెలుపు.
కెమెరాకి తెలుపంటే గిట్టదు ఫ్యోక్లా.
ఎంత తెల్లని దాన్నైనా
బూడిద రంగుకి దించిగానీ ఊరుకోదు.
మర్నాడు పేపర్లో సరస్సంతా పొయ్యి అడుగు.
ఆయన మొహం మసి.
వారం తిరక్కుండా ఉల్లిపాయల జడ ఒకటి తెచ్చి నా బల్లమీద పెట్టి
"మన సరస్సు అంత మురికిగా లేదమ్మా" అన్నాడు.
ఇంకేమీ అనలేదు.

రా ఫైల్ దాచలేదు నేను. చిన్న జేపెగ్ ఒకటే.
కార్డు ఖాళీ చెయ్యాలన్న తొందర.
మూడేళ్ళకి ఆయన పోయాక మీవాళ్ళు ఫొటో అడిగితే
ఆ బూడిదే ఇచ్చాను.
మీ గోడమీద ఉన్నది అదే.
అది సాయంత్రమనుకుంటూ నువ్వు పెద్దదానివయ్యావు.
కాదు. పగలు పదకొండున్నర.
కళ్ళు చిట్లించినా చూడలేనంత ఎండ.

అందుకే ఆ చిన్న చక్రం. ప్లస్ వైపు, ఒక స్టాపు.
ఎండ కాస్తే ఒకటిన్నర.
హిస్టోగ్రాం కొండ కుడికి జరగాలి,
చివరి గోడని మాత్రం గుద్దుకోకూడదు.
రా లోనే తియ్యి. కార్డులు రెండుంచుకో.
చలిలో నిలబడి ఏదీ చెరిపెయ్యకు,
గడ్డకట్టిన వేలికి మంచీచెడ్డా తెలియవు.

ఆ డబ్బుతో చేతితొడుగులు కొనుక్కో, వేలికొస తెరుచుకునేవి.
మోకాళ్ళ దాకా బూట్లు.
లెన్స్ ఏప్రిల్ దాకా పట్టుకెళ్ళు, ఊరికే.
చెడిపోవడానికి ఏముంది,
ఆ పని నేనెప్పుడో చేసిపెట్టాను.

ఇంకొకటి. చలిలోంచి కెమెరాని ఉన్నపళంగా ఇంట్లోకి తేకు.
బయటే ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించు,
లోపలికి తెచ్చాక రెండు గంటలు విప్పకు.
ఆ రెండు గంటలూ ఏం చెయ్యనని అడగొద్దు,
నేను చేపలు తోముకునేదాన్ని.

అవునూ, నీ కెమెరా ఏది?
మెడలోనే ఉందా?
అయ్యో పిల్లా, అద్దమంతా చెమట.
తుడవకు.
తుడవకు అంటున్నానా.
టీ పోస్తాను, దానంతటదే ఆరుతుంది.